బాల్ ఆఫ్ ఫైర్‌లో స్నో వైట్ ఎక్కడుంది? నిఘంటువు పని చేసిన నాకు కనపడింది చెప్తా

మీరడిగింది ఇదీ. 1941 నాటి బాల్ ఆఫ్ ఫైర్ సినిమా స్నో వైట్ కథకి కామెడీ రూపం అని ఎక్కడో చదివి మీ అమ్మాయితో కలిసి చూశారు. తీరా చూస్తే అందులో రాకుమారి లేదు, సవతి తల్లి లేదు, మాట్లాడే అద్దం లేదు, విషం పెట్టిన ఆపిల్ లేదు, ఉన్నదల్లా నైట్ క్లబ్బులో పాడే ఓ అమ్మాయి, ఎన్‌సైక్లోపీడియా రాసుకునే ముసలాళ్ళు, తుపాకులు పట్టుకున్న గూండాలు. దీన్ని స్నో వైట్ అని ఎలా అంటారు, ఎనభై ఏళ్ళు దాటినా ఎందుకింత మెచ్చుకుంటారు అని మీ అమ్మాయి అడిగితే జవాబు దొరకలేదు అన్నారు.

నా జవాబు పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే ఈ సినిమా నాకు చాలా దగ్గరిది. నేను పదిహేనేళ్ళు ఒక తెలుగు నిఘంటువు పనిలో ఉన్నాను, చీటీల మీద పదాలు రాసి, అకారాదిగా పెట్టి, అర్థాలు సరిచూసి, మళ్ళీ కొట్టేసి మళ్ళీ రాసి, అదే జీవితం అప్పట్లో. ఆ రోజుల్లోనే మా ఆయన స్నేహితుడొకరు అమెరికా నుంచి ఈ సినిమా వీడియో క్యాసెట్ తెచ్చారు, మా ఇంట్లో వీసీఆర్‌లో అది ఆడలేదు, అక్కడి పద్ధతి వేరు ఇక్కడి పద్ధతి వేరు కదా, రెండూ ఆడే మెషీన్ ఉన్నవాళ్ళ ఇల్లు వెతుక్కుని వెళ్ళి చూశాం. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో. మొన్న మీ ప్రశ్న చూశాక మళ్ళీ ఇంకోసారి కూర్చుని మొత్తం చూశాను, నోట్సు పెట్టుకుని మరీ.

ముందు స్నో వైట్ సంగతి. సినిమా మొదట్లో వచ్చే అక్షరాలు మీరు చదవకుండా వదిలేసి ఉంటారు, చాలామంది వదిలేస్తారు. అనగనగా అని మొదలుపెట్టి, కచ్చితంగా చెప్పాలంటే 1941లో, న్యూయార్క్ అనే పేద్ద అడవిలో ఎనిమిది మంది మనుషులు ఒక విజ్ఞాన సర్వస్వం రాస్తూ ఉండేవాళ్ళు, అన్న ధోరణిలో నడుస్తుంది. అంటే మొదటి నిమిషంలోనే ఇది పేదరాసి పెద్దమ్మ కథ అని చెప్పేశారు. మరుగుజ్జులు గనిలోకి పోయి రోజంతా తవ్వుకుని సాయంత్రం వరసగా ఇంటికొస్తారు కదా, ఇక్కడ ఈ ముసలాళ్ళు పొద్దున్నే సెంట్రల్ పార్కులో వరసగా నడిచొచ్చి, మళ్ళీ పుస్తకాల గనిలోకి దిగిపోతారు. తొమ్మిదేళ్ళ నుంచీ తవ్వుతూనే ఉన్నారు, ఇప్పటికి S అక్షరం దగ్గర ఉన్నారు. డిస్నీ వాళ్ళ స్నో వైట్ 1937 చివర్లో వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది, నాలుగేళ్ళు తిరక్కుండా ఈ సినిమా, కాబట్టి అప్పటి ప్రేక్షకులకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ముసలాళ్ళ వేషాలు వేసిన ఏడుగురు నటుల్నీ స్నో వైట్ పోస్టర్ ముందు కూర్చోబెట్టి తీసిన పబ్లిసిటీ ఫోటో కూడా ఒకటుంది, దొరికితే మీ అమ్మాయికి చూపించండి.

ఎనిమిది మంది ఉన్నారుగా, ఏడుగురు కదా ఉండాలి అంటారేమో. ఎనిమిదోవాడు గ్యారీ కూపర్, ప్రొఫెసర్ పాట్స్, భాషా శాస్త్రం మనిషి. వాడు అందరికంటే పొడుగు, అందరికంటే చిన్నవాడు, వాడు మరుగుజ్జూ వాడే రాకుమారుడూ వాడే. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మీరు నిద్రపోయిన స్నో వైట్ కోసం వెతికారు కాబట్టి దొరకలేదు. ఈ సినిమాలో నిద్రపోతున్నది ఆ అమ్మాయి కాదు, ఆ ఇల్లు. ఆ ఎనిమిది మందీ నిద్రలోనే ఉన్నారు, గాజుపెట్టె బదులు పుస్తకాల బీరువాలు. లేపడానికి వచ్చింది షుగర్‌పుస్ ఓషే అనే పాటగత్తె, బార్బరా స్టాన్విక్. ముద్దు పెట్టేది కూడా ఆవిడే. కథని చొక్కా తిరగేసినట్టు తిరగేశారు, కుట్లు అన్నీ పైకి కనపడతాయి, అందుకే చూడ్డానికి అంత బాగుంటుంది.

ఇంకో సంగతి, అసలు గ్రిమ్ సోదరులు రాసుకున్న కథలో ముద్దే లేదు. 1812లో వచ్చిన వాళ్ళ మొదటి ప్రతిలో ఆ దుర్మార్గపు రాణి సవతి తల్లి కూడా కాదు, కన్నతల్లే, తర్వాత ప్రతుల్లో సవతి తల్లిగా మార్చారు. గాజు శవపేటికని మోసుకెళ్తున్నవాళ్ళ కాలు తడబడి, ఆ కుదుపుకి గొంతులో ఇరుక్కున్న ఆపిల్ ముక్క బయటపడుతుంది, పిల్ల లేచి కూర్చుంటుంది, అంతే. మరుగుజ్జులకి పేర్లూ లేవు, మనకి తెలిసిన ఆ పేర్లూ ఆ ముద్దూ డిస్నీ సినిమాతో వచ్చినవే. నాకెప్పుడూ ఆ కుదుపే నచ్చుతుంది. ఎందుకంటే బాల్ ఆఫ్ ఫైర్ కూడా ఒక కుదుపుతోనే మొదలవుతుంది, ముద్దుతో కాదు.

చెత్త తీసుకెళ్ళే మనిషి వస్తాడే ఆ సీను. రేడియోలో వచ్చే క్విజ్ ప్రశ్నలకి జవాబులు అడుగుదామని లోపలికొస్తాడు, ఇంత పెద్ద పండితులున్నారు కదా అని. ఆయన మాట్లాడుతుంటే పాట్స్‌కి సగం అర్థం కాదు. అప్పటికే పాట్స్ స్లాంగ్ మీద, అంటే వీధుల్లో పుట్టే వాడుక మాటల మీద, వ్యాసం పూర్తి చేసేశాడు, అంతా పుస్తకాల్లోంచి ఏరి రాసింది. చెత్తబండి మనిషి రెండు నిమిషాలు మాట్లాడేసరికి తన వ్యాసం చచ్చిన పదాల స్మశానం అని తెలిసిపోతుంది. టోపీ పెట్టుకుని నోటుబుక్కు పట్టుకుని వీధిలో పడతాడు. బస్సుల్లో రైళ్ళలో, పేపర్లమ్మే పిల్లాడి దగ్గర, ఆట చూసేవాళ్ళ మధ్య, ఎక్కడ కొత్తమాట వినపడితే అక్కడ రాసుకుంటూ పోయి, చివరికి నైట్ క్లబ్బులో షుగర్‌పుస్ దగ్గర తేల్తాడు.

ఈ సీను చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి అంటే మీరు నమ్మాలి. మా పనిలో ఒకసారి పార్సిల్ అన్న మాటకి చీటీ నా దగ్గరికొచ్చింది. టపాలో గానీ రైల్లో గానీ పంపే కట్ట అని రాసుంది, నేనూ సరే అని టిక్కు పెట్టాను. ఆ సాయంత్రమే మా ఆయనతో ఇడ్లీ బండి దగ్గరికి వెళ్తే ఆ కుర్రాడు చేతులు తుడుచుకుంటూ ఇక్కడే తింటారా పార్సిలా అమ్మా అన్నాడు. రోజూ వినే మాటే, రోజూ నేనూ అనే మాటే. కానీ ఆ పూట అక్కడే నిలబడిపోయాను. కోట్ల మంది నోట్లో నలుగుతున్న అర్థం నా చీటీలో లేదు, లేదని నాకు తట్టనూ లేదు, ఎందుకంటే నేను చూసినవన్నీ పాత నిఘంటువులు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చీటీ తీసి రెండో అర్థం రాసి పెట్టాను. పాట్స్ మొహంలో ఆ సీన్లో కనపడేది సరిగ్గా ఆ రోజు నా మొహం.

ఇంకా లోతుకి వెళ్తే ఆశ్చర్యపోతారు. స్నో వైట్ కథని మనకిచ్చిన ఆ గ్రిమ్ సోదరులే నిఘంటువు మనుషులు! జేకబ్, విల్‌హెల్మ్ ఇద్దరూ 1838లో జర్మన్ భాషకి మహానిఘంటువు చేస్తామని ఒప్పుకున్నారు, మొదటి సంపుటం 1854లో గానీ రాలేదు. విల్‌హెల్మ్ D అక్షరం ముగించి 1859లో పోయాడు. జేకబ్ 1863లో పోయాడు, F అక్షరం మధ్యలో. ఆ పని పూర్తయింది ఎప్పుడో తెలుసా, 1961లో, తూర్పు జర్మనీ వాళ్ళూ పశ్చిమ జర్మనీ వాళ్ళూ కలిసి పూర్తి చేశారు. కాబట్టి మరుగుజ్జుల్ని తీసుకొచ్చి ఎన్‌సైక్లోపీడియా రాసే ముసలాళ్ళని చెయ్యడం నాకైతే ఏదో జోకు కోసం చేసిన మార్పులా అనిపించదు, ఆ కథని పోగేసినవాళ్ళ ఇంటికే కథని తిరిగి తీసుకెళ్ళినట్టు ఉంటుంది. రాసినవాళ్ళు అదంతా ఆలోచించే రాశారని నేననను, కానీ కుదిరింది మాత్రం అలా కుదిరింది.

మనకీ ఈ బాధ కొత్త కాదు కదా. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, 1923లో పోయేనాటికి మూడు సంపుటాలు తెచ్చారు, ఆ మూడూ అ అక్షరంలోనే. ఆ సంపుటాలు నేను చేత్తో పట్టుకుని చూశాను, ఒక్కొక్క వ్యాసం వెనక ఎంత మంది ఎన్ని రాత్రులు కూర్చున్నారో తెలుస్తూ ఉంటుంది. సినిమాలో ఆ ప్రొఫెసర్లకి డబ్బిచ్చే ట్రస్టు తాలూకు ఆవిడ వచ్చి ఇంకా ఎన్నాళ్ళు, ఎంత ఖర్చు అని అడుగుతుంటే చూసేవాళ్ళంతా నవ్వుతారు, నాకు గుండె పట్టేస్తుంది. జేకబ్ గ్రిమ్ పోయిన 1863లోనే, మూడు వారాల ముందు, మన గిడుగు రామమూర్తి గారు పుట్టారు, నోటి మాటే భాష అని చివరిదాకా కొట్లాడిన మనిషి. ఆ తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి గారు సరిగ్గా పాట్స్ చేసిన పనే చేశారు, మనుషుల్ని పల్లెలకి పంపి రైతుల నోటినుంచి నాగలి భాగాల పేర్లు, నీళ్ళు పెట్టే పనుల పేర్లు రాయించారు, వ్యవసాయ పదాల కోశం 1962లో వచ్చింది. పుస్తకాల్లో లేని పదాలు పొలంలో ఉన్నాయి. ఈ సినిమా ఇష్టపడ్డానికి తెలుగువాళ్ళకి ఇంతకంటే దగ్గర దారి నాకు తెలీదు.

ఇక రాసినవాళ్ళ గురించి. స్క్రిప్టు చార్లెస్ బ్రాకెట్, బిల్లీ వైల్డర్ ఇద్దరిదీ, దర్శకుడు హోవర్డ్ హాక్స్, నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్. వైల్డర్ అప్పటి ఆస్ట్రియా హంగరీలో పుట్టి, బెర్లిన్లో రాసి, హిట్లర్ రాగానే పారిపోయి 1934లో హాలీవుడ్ చేరినవాడు, ఇంగ్లీషు పెద్దయ్యాక నేర్చుకున్న భాష. స్లాంగ్ మీద ఇంత ప్రేమగా సినిమా రాయడానికి అదే కారణం అని నా గట్టి నమ్మకం. పుట్టినప్పట్నుంచీ వినేవాళ్ళకి తమ మాట వినపడదు, బయటనుంచి వచ్చినవాడికి ప్రతి మాటా కొత్తగా మోగుతుంది, మన హైదరాబాదు మాటల అందం ముందు కోస్తా నుంచి వెళ్ళినవాళ్ళే పట్టుకుంటారు, మా గుంటూరు యాసలో సాగదీత హైదరాబాదు వాళ్ళు చెప్తేనే మాకు తెలిసింది, అలాగన్నమాట. ఇంకోటి కూడా గమనించండి, ఆ ముసలాళ్ళ వేషాల్లో ఆస్కర్ హోమోల్కా వియన్నా మనిషి, సకాల్ బుడాపెస్ట్ మనిషి, కిన్స్కీ రష్యా మనిషి, హేడన్ ఇంగ్లాండు. యూరప్ తగలబడిపోతున్న ఏడాది అది. సగం మంది ఇల్లూ ఊరూ పోగొట్టుకుని వచ్చినవాళ్ళు ఒకే ఇంట్లో కూర్చుని ప్రపంచ జ్ఞానమంతా ఒక చోట పెడుతున్నారు, బయటనుంచి తుపాకీ పట్టుకుని ఒకడు లోపలికొస్తాడు. సినిమా 1941 డిసెంబర్లో వచ్చింది, అదే నెలలో పెర్ల్ హార్బర్. నవ్వుకుంటూ చూస్తాం గానీ ఈ సంగతి తెలిశాక చివరి భాగం ఇంకోలా కనపడుతుంది. (సకాల్‌నీ కిన్స్కీనీ మీరు కాసాబ్లాంకాలో కూడా చూసుంటారు, ఒకాయన వెయిటరు, ఒకాయన బార్ దగ్గర మందు పోసేవాడు.)

స్టాన్విక్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆ ఒక్క ఏడాదిలోనే ది లేడీ ఈవ్, మీట్ జాన్ డో, ఇదీ, మూడూ చేసింది. చిన్నప్పుడే తల్లి పోయి తండ్రి వదిలేసి, బ్రూక్లిన్లో ఎవరెవరి ఇళ్ళలోనో పెరిగి, పదహారేళ్ళకే డ్యాన్సర్ల బృందంలో చేరిన పిల్ల, కాబట్టి షుగర్‌పుస్ మాట్లాడే భాష ఆవిడ ఎక్కడా నేర్చుకోవాల్సిన పని లేదు. పోలీసుల నుంచి తప్పించుకోడానికి ఆ ఇంట్లో దూరుతుంది, మీ పరిశోధనకి సాయం చేస్తానని అబద్ధం చెప్పి. కానీ చూడండి, మొదటి రోజు నుంచే ఆవిడ నిజంగా టీచరే. మాటకి అర్థం చెప్తుంది, వాడకం చూపిస్తుంది, ముసలాళ్ళకి కాంగా డ్యాన్సు నేర్పిస్తుంది. పాట్స్ పాపం, కిటికీ దగ్గర ఎండ నీ జుట్టు మీద పడుతుంటే నాకు పని మీద ధ్యాస ఉండట్లేదు, నువ్వు వెళ్ళిపోవాలి అంటాడు, అంత నిజాయితీగా చెప్పే మగాణ్ణి ఆవిడ అంతకుముందు చూసి ఉండదు. ముద్దుకి వాళ్ళ భాషలో యమ్ యమ్ అంటారు అని చెప్పి, వాడి ఎత్తు అందక లావు పుస్తకాలు కింద పేర్చుకుని ఎక్కి నిలబడి ముద్దు పెట్టే సీనుందే, తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో పుస్తకాలు చేసిన అన్ని పనుల్లోకీ మంచి పని అదేనని నాకనిపిస్తుంది.

కెమెరా గ్రెగ్ టోలండ్, సిటిజెన్ కేన్ తీసిన చెయ్యి, అదే ఏడాది. ఎనిమిది మంది మొహాలూ ఒకే ఫ్రేములో దగ్గరవీ దూరంవీ అన్నీ స్పష్టంగా కనపడటం ఊరికే రాదు. హోటల్లో గది తలుపు మీది నంబరు పలక మేకు ఊడి తిరగబడి 9కీ 6కీ తేడా పోతుంది, పాట్స్ చీకట్లో తప్పు గదిలోకెళ్ళి, అవతల ఉన్నది తోటి ప్రొఫెసర్ అనుకుని తన ప్రేమంతా చెప్పుకుంటాడు. చీకట్లో స్టాన్విక్ కళ్ళు రెండే మెరుస్తూ కనపడాలి, మొహం కనపడకూడదు. దానికోసం ఆవిడ మొహానికి నల్లరంగు పూసి తీశారు. ఈసారి చూసినప్పుడు ఆ కళ్ళలో నీళ్ళు ఎప్పుడు మొదలవుతాయో చూడండి, ఒక్క మాట ఉండదు ఆవిడకి.

ఆ సీనుకి ముందే ఇంకో సీనుంది, నా లెక్కలో సినిమాకి ప్రాణం అదే. పెళ్ళికి ముందు రాత్రి ముసలాళ్ళందరూ పాట్స్‌తో కూర్చుంటారు. వాళ్ళలో పెళ్ళయినవాడు ఒక్కడే, ప్రొఫెసర్ ఆడ్లీ, వృక్షశాస్త్రం, భార్య ఎప్పుడో పోయింది. కొత్త పెళ్ళాం అంటే సుకుమారమైన పువ్వు లాంటిది, జాగ్రత్తగా చూసుకోవాలి అని చెప్తాడు, చెప్తూ చెప్తూ పెళ్ళయిన కొత్తలో తను ఏం చేశాడో చెప్తాడు, అరచేతిలో ముద్దు పెట్టుకోవడం, నీటిరంగుల బొమ్మలు వేసుకోవడం. నవ్వు తెప్పించాలని మొదలైన మాటలు, మధ్యలో ఎక్కడో నవ్వు ఆగిపోతుంది, ఆయన దాచుకున్న భార్య జుట్టుపాయ బయటికి తీసేసరికి ఎవరూ మాట్లాడరు. అప్పుడు అందరూ జెనవీవ్ అనే పాత పాట మెల్లగా అందుకుంటారు, వాళ్ళావిడ పేరే అది. ఆడ్లీ వేషం వేసిన రిచర్డ్ హేడన్‌కి అప్పటికి వయసు ముప్పై ఆరు! కూపర్ కంటే చిన్నవాడు, ఆ ముసలి గొంతు, ఆ చేతుల వణుకు అంతా నటనే. కామెడీ సినిమాలో నవ్వులు ఆపి రెండు నిమిషాలు దుఃఖానికి ఇవ్వడం, మళ్ళీ నవ్వుల్లోకి దించడం, ఇది చెయ్యగలిగినవాళ్ళు ఏ భాషలోనైనా తక్కువే.

ఉంగరం సంగతి కూడా మీ అమ్మాయికి చెప్పండి. పాట్స్ కొన్నది చిన్న ఉంగరం, లోపల రిచర్డ్ ద థర్డ్ అని నాటకం పేరూ అంకం రంగం చెక్కించాడు, మొత్తం పద్యం చెక్కించే డబ్బు లేక. పుస్తకం తెరిచి చూస్తే అక్కడ, ఈ ఉంగరం నీ వేలిని ఎలా చుట్టుకుందో నా హృదయాన్ని నీ ఎద అలా పొదువుకుంది అని ఉంటుంది. షుగర్‌పుస్ ప్రియుడు, గూండా జో లైలాక్ ఇచ్చింది పేద్ద వజ్రం, అదీ ప్రేమ కొద్దీ కాదు, పెళ్ళాం అయితే కోర్టులో మొగుడి మీద సాక్ష్యం చెప్పక్కర్లేదని. షుగర్‌పుస్ ఉంగరం తిరిగిచ్చేటప్పుడు పాట్స్‌కి వెళ్ళింది ఆ వజ్రం, ఆవిడ దగ్గర మిగిలింది చిన్న ఉంగరం. ముసలాళ్ళు అది చూసి ఆవిడ మనసు ఎటుందో తేల్చుకుంటారు. ఆపిల్ ఎక్కడ అన్నారు కదా, నన్నడిగితే ఆ వజ్రమే ఆపిల్. పైకి నిగనిగలాడుతుంది, లోపల ఉన్నది విషం, చివరికి గొంతులోంచి బయటపడ్డట్టు చేతిలోంచి బయటపడింది.

అన్నీ బాగున్నాయి అని చెప్తే నేను నిజం చెప్పినట్టు కాదు. ఇంటి పనులు చూసే మిస్ బ్రాగ్ ఉంది కదా, ఆవిడ పోలీసులకి చెప్పేస్తానంటే షుగర్‌పుస్ ఒక్క గుద్దు గుద్ది గదిలో పెట్టి తాళం వేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నవ్వాను, ఇప్పుడు నవ్వలేను. ఆ ఎనిమిది మందికీ తొమ్మిదేళ్ళు వండిపెట్టింది ఆవిడ, ఆ ఎన్‌సైక్లోపీడియాలో ఆవిడ కష్టం ఎంతుందో సినిమా ఒక్క ముక్క చెప్పదు. అలాగే చివరి అరగంట కాస్త సాగింది. గూండాలు ఇంట్లో కాపలా కూర్చుంటే, ముసలాళ్ళు డమోక్లిస్ కత్తి కథ (కూర్చున్నవాడి నెత్తిమీద వెంట్రుకకి వేలాడే కత్తి కథ) చెప్తూ మాటల్లో పెట్టి, ఎండని అద్దంతో ఒక చోటికి పట్టి గోడమీది బరువైన పటం తాడు కాల్చేసి ఒకడి నెత్తిన పడేలా చేస్తారు, అది అద్భుతం, చదువే ఆయుధం అయిపోతుంది. కానీ ఆ తర్వాత పాట్స్ బాక్సింగ్ పుస్తకం చదివి కొట్లాటకి పోవడం, అది మామూలు సినిమా వ్యవహారమే. ఒక్క విషయం బాగుంది, పుస్తకంలో రాసినట్టు కొడితే పని జరగదు, పుస్తకం పక్కన పారేశాకే గెలుస్తాడు.

1948లో హాక్స్ ఇదే కథని మళ్ళీ తీశాడు, ఎ సాంగ్ ఈజ్ బోర్న్, రంగుల్లో, డానీ కేతో. ఎన్‌సైక్లోపీడియా బదులు సంగీత చరిత్ర పెట్టాడు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బెన్నీ గుడ్‌మన్ లాంటి మహానుభావులు ఉన్నారు, సంగీతం కోసం చూడొచ్చు. కథగా చప్పగా ఉంటుంది. మాట మీద కథ కట్టిన సినిమాలోంచి మాట తీసేస్తే ఏం మిగులుతుంది.

మాట అంటే గుర్తొచ్చింది, మీ అమ్మాయికి సినిమా నచ్చకపోడానికి సగం కారణం సబ్‌టైటిల్సే అయ్యుండొచ్చు. ఒకసారి మా కాలనీలో పదిహేను మందికి ఈ సినిమా చూపించడానికి నేను డైలాగులు తెలుగులో రాసుకుని పక్కన కూర్చుని చదివాను. రెండు నెలలు పట్టింది నాకు. స్లాంగ్‌కి మనకి సరైన పేరే లేదు, మాండలికం వేరు, యాస వేరు, ఇది కుర్రాళ్ళ నోట్లో పుట్టి రెండేళ్ళు బతికే మాట. సినిమాలో షుగర్‌పుస్ గొంతు నొప్పి అని చెప్తూ డైలీ వర్కర్ అంత ఎర్రగా ఉంది, అంత సోర్‌గా ఉంది అంటుంది. డైలీ వర్కర్ అమెరికా కమ్యూనిస్టుల పేపరు, సోర్ అంటే నొప్పీ కోపమూ రెండూ. మూడు రోజులు తలబద్దలు కొట్టుకున్నాక తట్టింది, నా గొంతు విశాలాంధ్ర పేపరంత ఎర్రగా ఉంది, అలాగే మండిపోతోంది! మనకి గొంతూ మండుతుంది, కోపమొస్తే ఒళ్ళూ మండుతుంది. మాది పక్కా కామ్రేడ్ల వీధి, అందరికంటే గట్టిగా నవ్వింది వాళ్ళే. క్లచ్ నొక్కి కదులు అన్నట్టు ఆవిడ పాట్స్‌ని పొమ్మంటుంది, దానికి బండి తియ్ అని పెట్టాను, సరిపోయింది. పాట్స్‌ని ఎందుకు ప్రేమించావంటే చెప్పే మాటల్లో ఒకటి, గ్లాసుడు మజ్జిగ తాగితేనే మత్తెక్కిపోయే మనిషి వాడు అని, దానికి నేనేమీ చెయ్యక్కర్లేకపోయింది, మజ్జిగ అనగానే గదంతా గొల్లుమంది.

కొన్ని మాత్రం ఓడిపోయాను. అప్పట్లో నేను లైట్ తీస్కో అని పెట్టిన చోట ఇప్పటి పిల్లలకి అది పాతమాట, మా మనవడు నవ్వుతాడు. సినిమాలో మాటలు ఇప్పటి అమెరికా పిల్లలకీ అలాగే పాతబడ్డాయట, అయినా సీను పాతబడలేదు, ఎందుకంటే మనం నవ్వేది మాటకి కాదు, ఆ మాట విని పాట్స్ పెన్సిలు తీసే ఆత్రానికి. మాయాబజార్లో పింగళి నాగేంద్రరావు గారు పుట్టించిన వీరతాడు ఇప్పటికీ మన నోట్లో ఆడుతోంది కదా, అలాంటి అదృష్టం పట్టే మాటలు ఎప్పుడో గానీ రావు.

మీరు మళ్ళీ చూసేటట్టయితే మొత్తం ఒకేసారి పెట్టకండి. ముందు క్లబ్బు సీను ఒక్కటీ పెట్టండి మీ అమ్మాయికి. జీన్ క్రూపా బ్యాండు డ్రమ్ బూగీ వాయిస్తుంది, ట్రంపెట్ దగ్గర రాయ్ ఎల్‌డ్రిజ్ కనపడతాడు, తెల్లవాళ్ళ బ్యాండులో నల్లజాతి కళాకారుడు నిలబడి సోలో వాయించడం 1941లో చిన్న సంగతి కాదు. అంత హోరూ అయ్యాక మళ్ళీ వాయించమంటే క్రూపా ఒక అగ్గిపెట్టె తీసుకుని రెండు పుల్లలతో దాని మీద అదే పాట వాయిస్తాడు, షుగర్‌పుస్ గుసగుసగా పాడుతుంది, జనమంతా చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి వింటారు, చివర్లో ఆ పుల్లలు భగ్గున వెలుగుతాయి. పాట్స్ ఒక బల్ల దగ్గర కూర్చుని బూగీ అన్న మాట రాసుకుంటూ ఉంటాడు. అది చూశాక మీ అమ్మాయే మిగతా సినిమా పెట్టమంటుంది.

ఆపిల్ గురించి ఇంకొకటి మర్చిపోయాను. జేకబ్ గ్రిమ్ నిఘంటువు F అక్షరం మధ్యలో ఆగిపోయింది అన్నాను కదా, ఆయన చివరగా రాస్తున్న మాట ఫ్రుఖ్ట్. అంటే పండు.